చిట్టెమ్మ ఎక్కి చూసిన బండి

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు సైరన్ పొద్దున మోగగానే ట్రాఫిక్ కాలనీలో మగవాళ్ళు ఖాళీ అయిపోయేవారు. సైకిళ్ళ వరస గేటులోకి పోయాక ఇళ్ళలో ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ మిగిలేవారు. ఆ వేళ ఎవరైనా పోతే భుజాలు వెతుక్కోవాల్సి వచ్చేది. పాడెకి నలుగురు చాలంటారు గాని, శ్మశానం దూరం. దారిలో భుజం మార్చుకోవడానికి ఇంకో నలుగురు ఉండాలి. వాళ్ళు వదిలి వచ్చిన శ్రీకాకుళం పల్లెల్లో అయితే పొలం గట్టు మీద నిలబడి కేక వేస్తే మనుషులు వస్తారు. వర్క్‌షాపులో కేక వినపడదు. వినపడినా గేటు దాటి రావడానికి ఫోర్‌మన్ ఒప్పుకోవాలి.

నూకయ్య అలాంటి వేళలోనే పోయాడు. 1957 వానాకాలం. అతని తమ్ముడు తవిటయ్య వేగన్ షాపులో ఫిట్టరు. కబురు అంది అతను రాగలిగాడు గాని, అతనితో రావలసినవాళ్ళు రాలేకపోయారు. ఇద్దరు ముసలివాళ్ళు, రాత్రి డ్యూటీ చేసి నిద్రలేని ఒక కళాసీ, తవిటయ్య, ఈ నలుగురే పాడె ఎత్తారు. మార్చుకోవడానికి ఎవరూ లేరు. రైలు గేటు దాటాక ఎర్రమట్టి దారి మొదలవుతుంది. అక్కడ బురదలో తవిటయ్య కాలు జారింది. ముందు కొమ్ము కిందికి పోయింది. కట్టిన తాళ్ళు తడిసి వదులుగా ఉన్నాయి. నూకయ్య శరీరం పాడె మీంచి జారి మట్టిలో పడింది.

వాళ్ళ కులంలో ఆడవాళ్ళు దింపుడు కళ్ళం దాకా వస్తారు. దారి మధ్యలో పాడె దించి, చనిపోయిన మనిషి చెవిలో మూడుసార్లు పిలుస్తారు. ఎక్కడైనా ప్రాణం మిగిలి ఉంటే పలుకుతుందని. పలక్కపోతే ఆడవాళ్ళు అక్కడి నుంచి వెనక్కి తిరుగుతారు. ఖరగ్‌పూర్‌లో ఆ చోటు, ఎర్రమట్టి దారి ఎత్తు ఎక్కే చోట పట్టాల పనివాళ్ళ కోసం వేసిన పాత గ్యాంగు గుడిసె. దాన్ని ఇంకా చేరకుండానే పాడె ఒరిగింది. వెనకాల వస్తున్న నూకయ్య భార్య చిట్టెమ్మ అంతా చూసింది. ఆమె ఏడవలేదు, ఎవర్నీ ఏమీ అనలేదు. ముందుకు వచ్చి చీర కొంగుతో మొగుడి ముఖం మీద మట్టి తుడిచి పక్కకు తప్పుకుంది.

పిల్లలు లేని చిట్టెమ్మ ఆ రోజు నుంచి మరిది ఇంట్లోనే ఉంది. తవిటయ్య భార్య గంగాభవానికి ఆమె అక్కలాంటిది. నోరు మాత్రం పదును. కాలనీలో ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా కడిగి, పసుపు రాసి, చీర కట్టే పనికి ఆమెనే పిలిచేవారు. తవిటయ్యతో ఆమె మామూలుగానే మాట్లాడేది. ఆ జారుడు గురించి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఆ తరవాత తవిటయ్య ఏ పాడెకీ భుజం ఇవ్వలేదు. కట్టెలు మోసేవాడు, చిల్లర పైసలు చల్లేవాడు, వెనకాల నడిచేవాడు. అడిగితే భుజం కీలు అరిగిందని చెప్పేవాడు.

రేపు వదిన పోయిన రోజు ఆమె కూడా అలా పడిపోకూడదు. అతనికి ఉన్న కోరిక అదొక్కటే. దాన్ని ఎవరితోనూ అనలేదు.

1969లో రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి మలంచా పేటలో పెంకుటింట్లోకి మారారు. ఇంటి వెనక పెరడు పెద్దది. మారిన కొన్నాళ్ళకే ఒక జత ఎద్దులు తవిటయ్య కొన్న పాత పికప్‌ని ఈడ్చుకొచ్చి ఆ పెరట్లో వదిలిపెట్టాయి. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక కలైకుండ ఎరోడ్రోములో మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న బండి అది. గోల్‌బజార్ వెనక కట్టెల డిపోలో చాలాకాలం దుంగలు మోసి, ఆగిపోయి, కోళ్ళు గుడ్లు పెట్టుకునే చోటయింది.

"ఏటయ్యా ఇది?" అంది గంగాభవాని.

"బండి."

"బండని నాకూ తెలస్తంది. దీన్నెద్దులు లాక్కొచ్చినాయంటే మల్లీ ఎద్దులకే కట్టాలి కాబోలు."

చిట్టెమ్మ బండి చుట్టూ ఒకసారి తిరిగి, సీటు కింద నుంచి గుడ్డు తీసి కొంగులో వేసుకుంది. "పొద్దున్నే పనికొచ్చింది" అని లోపలికి పోయింది.

తవిటయ్యకి ఇనుము తెలుసు గాని మోటారు తెలియదు. మోటారు తెలిసినవాడు ఆమోసు. రైల్వే ఆస్పత్రి వ్యాను నడిపేవాడు, క్రిస్టియను, తవిటయ్య కంటే చాలా చిన్నవాడు. మావా అని పిలిచేవాడు. సెలవు రోజుల్లో వచ్చి పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని చెప్పేవాడు, తవిటయ్య చేసేవాడు. ఇంజను తుప్పుతో బిగుసుకుపోయి ఉంది. పై కప్పు విప్పి సిలిండర్లలో కిరసనాయిలు పోసి మూత వేసి వదిలేశారు. వారం తరవాత ఇంజను తిప్పే హ్యాండిల్ మీద ఇద్దరూ వాలితే చిన్నగా మూలిగి కదిలింది. తవిటయ్య అప్పుడు హ్యాండిల్ వదిలేసి, మళ్ళీ కిరసనాయిలు పోసి, ఇంకో వారం ఆగాడు. బలవంతంగా తిప్పితే గీతలు పడతాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

వాల్వులన్నీ ఒక్కొక్కటీ విప్పి, నూనెలో కలిపిన గరుకు పొడి రాసి, అరచేతుల మధ్య కవ్వం తిప్పినట్టు తిప్పుతూ కూర్చునేవాడు. వాల్వు అంచు చుట్టూ బూడిద రంగు గీత తెగకుండా వచ్చేదాకా ఊరుకునేవాడు కాదు. రేడియేటరు చిల్లులకి మాటు వేశాడు. చట్రం మీద తుప్పు బ్రష్షుతో గీకి రెడ్‌ఆక్సైడు పూశాడు. గోకినచోటల్లా పెరట్లో నేల ఎర్రబడింది. చిట్టెమ్మ అక్కడ ఆరేసిన వడియాలు లోపలికి మార్చింది. ఇంజను మొదటిసారి పలికిన రోజు పక్కింటి బెంగాలీ వాళ్ళు గోడ మీంచి చూశారు. పొగకి గంగాభవాని ముక్కు మూసుకుంది. తవిటయ్య చెయ్యి బానెట్ మీద పెట్టి, అదురు ఎలా ఉందో చూసి, ఆపేశాడు.

"ఇంక సెప్పు మావా. కూరగాయలెయ్యడానికా, సిమెంటెయ్యడానికా?" అన్నాడు ఆమోసు.

"సచ్చిపోయినోల్లకి."

ఆమోసు నవ్వబోయి ఆగాడు. "మావోల్లకి ఉన్నాది కదా తోపుడుబండి. సర్చి ఎనక. పెట్టెట్టి తోసుకెల్తాం. దాన్ని సూసినావా?"

"సూసినాను. దాని సక్రాలు మట్టిలో దిగిపోతాయి."

ఆ మాట గోడ దాటి పోయింది. మర్నాడే సింహాచలం వచ్చాడు. వర్క్‌షాపులో మేస్త్రీగా చేసి రిటైరైన కులపెద్ద. పెళ్ళి, చావు, తగువు, ఏది వచ్చినా అతని మాట ఉండాలి. వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగి అడిగాడు.

"ఏట్రా తవిటీ, మన శవాల్ని మోటారెక్కిస్తావంట?"

"మడుసులు దొరకనప్పుడన్నా. దొరికితే బుజాల మీదే ఎల్తారు."

"మోటారు ఎలగెల్తాది? నిప్పుకుండ పట్టుకున్నోడు ముందు నడవాల. శవం నిప్పుని దాటకూడదు. ఆడు కాలికి సెప్పుల్లేకుండా, ఏడుసుకుంటా నడుస్తాడు. నీ మోటారు ఆడి ఎనకాల ఆడిలాగ నడుస్తాదా?"

సింహాచలం గ్లాసు కింద పెట్టి వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు.

"దింపుడు కల్లం కాడ దించాల. బుజం తగలాల. మన మడిసి మన బుజం తగలకండ ఎల్లిపోతే, ఆస్పత్రోల్లు అనాథ శవాన్నట్టికెల్లినట్టుంటాది. ఇవన్నీ సేసి సూపించు. అప్పుడు నేను ఒద్దన్ను."

గుమ్మంలో నిలబడి వింటున్న చిట్టెమ్మ అప్పుడు మాట్లాడింది. "నన్ను మాత్రం దాని మీదెయ్యకండి. నానేటి కట్టెల మోపునా?"

తవిటయ్య తన ముందున్న గిన్నెలో కిరసనాయిల్లో ఉన్న బోల్టులను వేలితో కదిపాడు. అతను ఎవరి కోసం ఇదంతా చేస్తున్నాడో తనకొక్కదానికే తెలుసని చిట్టెమ్మ వెనక నిలబడ్డ గంగాభవాని అనుకుంది.

బండి వెనక చెక్క పుచ్చిపోయింది. దాన్ని పీకేసి తవిటయ్య కొత్త తొట్టి కట్టాడు. జీవితమంతా బొగ్గు వేగన్లకి రివెట్లు కొట్టిన చేతులవి. వేగన్ షాపులో ఏదీ సన్నగా ఉండకూడదు. సన్నగా ఉన్నది తిరిగొస్తుంది, తిరిగొస్తే మేస్త్రీ తిడతాడు. అందుకని మందం రేకు తెచ్చి, కింద ఇనప పట్టీలు వేసి, కొలిమి పెట్టి రివెట్లు ఎర్రగా కాల్చి కొట్టాడు. పాడె కొమ్ములు ఆనడానికి నాలుగు మూలలా నాలుగు యాంగిల్ ఇనప స్తంభాలు నిలబెట్టాడు. అంతా అయ్యాక చూస్తే వెనక స్ప్రింగులు ఏ బరువూ వెయ్యకుండానే చదునైపోయాయి. టైర్ల మీద తొట్టి కూర్చునేంత దగ్గరికి వచ్చింది.

ఆమోసు వంగి కిందికి చూశాడు. "మావా, దీన్లో ఎవుర్నెట్టాలి? ఇంజనునా?"

"శవానికేటి బరువుంటాది తవిటీ" అంది చిట్టెమ్మ పక్క నుంచి. "నాను కడిగినోల్లందరూ తేలికే. నువ్వు బొగ్గనుకున్నావు."

తవిటయ్య ఆ రివెట్లన్నీ ఉలితో తలలు నరికి తీశాడు. కొట్టడానికి పట్టిన దానికంటే తీయడానికి ఎక్కువ కాలం పట్టింది. ఈసారి అక్కడి అడవుల్లో దొరికే సాల్వ చెక్క తెచ్చి పలకలు వేశాడు. స్తంభాలు సన్నటి గొట్టాలతో చేశాడు. పాడె మనిషి భుజం ఎత్తులో నిలుస్తుంది. దానికి రెండు పక్కలా పొడుగ్గా ఒక్కో గొట్టం పెట్టాడు. పక్కన నడిచేవాళ్ళు దాని కింద భుజం ఆన్చవచ్చు. బరువు బండిది, భుజం మనిషిది.

నడకే మిగిలింది. మొదటి గేరులో కూడా బండి మనిషి కంటే వేగంగా పోతోంది. ఇంజను తగ్గిస్తే వెక్కిళ్ళు వచ్చినట్టు కుదిపి ఆగిపోతోంది. క్లచ్చి సగం తొక్కి ఉంచితే కాలిన వాసన. తవిటయ్య పెరట్లో గంగాభవాని చేత నీళ్ళ కుండ పట్టించి ముందు నడిపించాడు. తను వెనక బండి నడిపాడు. మూడుసార్లు ఆమె మడమ దాకా వచ్చేశాడు.

"నన్ను సంపేసి దాని మీదే ఎయ్యి. మొదటి బేరం" అంది ఆమె కుండ దించేసి.

చివరికి ఆలోచన తవిటయ్యదే. ఒక గేర్‌బాక్సు నడకని అంత నెమ్మది చేస్తే, దాని వెనక ఇంకోటి పెడితే? ఆమోసు అలాంటిది ఎక్కడా చూడలేదన్నాడు, అయినా కాదనలేదు. అలాంటిదే ఇంకో పాడైన బండి గేర్‌బాక్సు సంపాదించారు. మొదటిదాని వెనక రెండోదాన్ని వేలాడదీయడానికి చట్రానికి అడ్డపట్టీ వేశాడు. చక్రాలకి పోయే పొడుగు షాఫ్టుని కోసి, పొట్టిచేసి, లేతు మిషను మీద తిప్పి తిన్నగా ఉందో లేదో చూసి అతికించాడు. ఇప్పుడు సీటు పక్కన రెండు గేరు కర్రలు లేచాయి. రెంటినీ మొదటి గేరులో వేస్తే ఇంజను హాయిగా తిరుగుతుంటే చక్రాలు చీమలా పాకుతాయి. కుదుపు లేదు. ఏ కర్ర ముందు, ఏ కర్ర తరవాత వేయాలో తవిటయ్యకీ ఆమోసుకీ తప్ప ఎవరికీ తెలియదు.

1972 శీతాకాలంలో సింహాచలాన్ని పిలిచాడు. పాడె మీద తవుడు బస్తా కట్టి చూపించాడు. సింహాచలం మెచ్చుకున్నట్టే ఉన్నాడు గాని తల అడ్డంగా తిప్పాడు.

"బస్తాకి నొప్పేటి తెలస్తాది. ఒరిగిందో, కుదిపిందో, అది సెప్తాదా?"

"మడిసిని ఎక్కించమంటే ఎవుడెక్కుతాడన్నా?" అన్నాడు తవిటయ్య. బతికినవాడు పాడె ఎక్కడం మాట అటుంచి, దాన్ని దాటడానికే ఎవరూ ఒప్పుకోరు.

చిట్టెమ్మ పెరటి అరుగు మీద బియ్యం ఏరుతోంది. చాట పక్కన పెట్టి లేచింది. "ఆ బస్తా దించండి."

"అక్కా" అంది గంగాభవాని.

"ఉండవే. ఎలాగూ నన్నెక్కించడానికే ఇదంతా సేస్తన్నాడని నాకు తెల్దేటి. కోడిగుడ్డు తీసిన్నాడే తెలుసు. ఎక్కి సూస్తాను. బాగునేకపోతే బతికుండగానే సెప్తాను. సచ్చినాక సెప్పనేను కదా."

పీట వేస్తే దాని మీంచి ఎక్కింది. సింహాచలం ఆపబోయి ఆగిపోయాడు. తవిటయ్య వెళ్ళి స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. అతను గేరు కర్ర వెయ్యకుండా ఆగడం చూసి ఆమోసు, "నేను నడపనా మావా?" అన్నాడు. తవిటయ్య వద్దన్నాడు. గంగాభవాని నీళ్ళ కుండ పట్టుకుని ముందు నడిచింది.

మలంచా రోడ్డు మీద జనం ఆగి చూశారు. కొందరు ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. చిట్టెమ్మ బాసింపట్టు వేసుకుని, గొట్టం పట్టుకుని, రిక్షాలో సినిమాకి పోతున్నట్టు కూర్చుంది. మిఠాయి కొట్టు బెంగాలీ ముసలాయన బయటికి వచ్చి, "ఏ కీ మాషీమా, కోథాయ్ జాచ్ఛేన్?" అని, ఎక్కడికి పోతున్నారని అడిగాడు.

"ట్రాయల్ దిచ్ఛి, బాబా" అంది చిట్టెమ్మ, ట్రయల్ ఇస్తున్నానని. అడిగినవాడు ఏమనుకున్నాడో గాని చేతులు జోడించాడు.

రైలు గేటు దాటి ఎర్రమట్టి దారికి వచ్చారు. ఇంజను ఒకే గొంతుతో మోగుతోంది. అక్కడ, పదిహేనేళ్ళ కిందట కాలు జారిన చోట, చిట్టెమ్మ పాడె మీద వెల్లకిలా పడుకుంది. పక్కన నడుస్తున్న ఆమోసు తలకి కట్టిన గుడ్డ విప్పేశాడు. సింహాచలం నేల చూస్తూ నడిచాడు. ముందున్న గంగాభవానికి వెనక ఏం జరుగుతోందో తెలియదు. తవిటయ్యకీ తెలియదు, అతను ఆమె కుండనే చూస్తున్నాడు. గ్యాంగు గుడిసె దగ్గర బండి ఆపి, ఇంజను కట్టేసి, దిగి చూశాక తెలిసింది. కళ్ళు తెరిచే ఉంది.

"లెగు వదినా" అన్నాడు.

ఆమె లేచి కూర్చుంది.

"కుదుపు నేదు" అంది. "ఒరగడం నేదు. బాగా సేసినావు."

తవిటయ్య స్తంభం పట్టుకుని నిలబడ్డాడు.

"గాని, పడుకుంటే ఇంజను సప్పుడు తప్ప ఇంకేటీ ఇనపడదు. మడుసులు నడుస్తన్నారో నేదో తెల్దు. ఎవులు ఏడుస్తన్నారో తెల్దు. ఇక్కడ దించి నా సెవులో పిలుస్తారు కదా. పిలిసినాక మల్లీ ఆ సప్పుడెట్టకండి. ఇక్కడ్నించి తోసుకెల్లండి."

"ఇక్కడ్నించే ఎత్తు వదినా. మడుసులు నేకే కదా ఇది సేసింది. తొయ్యడానికెవులుంటారు?"

"ఉన్నోల్లే తోస్తారు. అలాగయితే ఎక్కుతాను. నేకపోతే నన్నొగ్గియ్యండి."

సింహాచలం గొంతు సవరించుకున్నాడు. "అదీ మాట" అన్నాడు.

మూడేళ్ళు కష్టపడి ఇంజనుకి నడక నేర్పినవాడికి, అసలు చోట దాన్ని కట్టేయమంటే ఎలా ఉంటుందో తవిటయ్య ముఖంలో కనపడలేదు. ఇంటికి వచ్చి రెండు రోజులు బండి జోలికి పోలేదు. మూడో రోజు చక్రాలన్నీ విప్పి బేరింగులు కడిగి కొత్త గ్రీజు పెట్టాడు. గేర్‌బాక్సుల్లో చిక్కటి నూనె తీసేసి పల్చటిది పోశాడు, తోస్తే తేలిగ్గా కదలాలని. ఎత్తు మీద తోసేవాళ్ళ చేతులు వదిలేస్తే బండి వెనక్కి జారుతుంది. దానికి వెనక చక్రాల వెనకాలే గొలుసులతో వేలాడే చెక్కదుంగ ఒకటి కట్టాడు. బండి ముందుకు పోతుంటే అది నేల మీద ఈడ్చుకుంటూ వస్తుంది. ఒక్క అంగుళం వెనక్కి వచ్చినా చక్రాలు దాని మీదే ఆగిపోతాయి. అలసిపోయినవాళ్ళు ఎక్కడైనా ఆగి ఊపిరి తీసుకోవచ్చు.

తరవాత ఏడాదిన్నరలో ఆ బండి మీద కొందరు వెళ్ళారు. అందరూ డ్యూటీ వేళ పోయినవాళ్ళే. దింపుడు కళ్ళం దగ్గర ఇంజను కట్టేయడం ఆనవాయితీ అయిపోయింది. తోయడానికి అప్పటికి నలుగురో ఐదుగురో వచ్చి కలిసేవారు. బండి ఎప్పుడూ ఆమోసు నడిపేవాడు. తవిటయ్య వెనక నడుస్తూ దుంగనే చూసేవాడు.

1974 మే నెలలో రైల్వే సమ్మె వచ్చింది. సైరన్ మోగినా గేటులోకి సైకిళ్ళు పోలేదు. పోలీసులు కాలనీల్లో తిరిగి, దొరికిన మగవాణ్ణల్లా జీపెక్కించారు. దొరకనివాళ్ళు చుట్టాల పల్లెల్లోకీ సాల్వ అడవుల్లోకీ పోయారు. ఆమోసు మొదటివారమే కనపడకుండా పోయాడు. ట్రాఫిక్ కాలనీలో వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు మాత్రమే మాట్లాడుకుంటున్నారు.

ఆ ఎండల్లో చిట్టెమ్మకి నాలుగు రోజులు జ్వరం కాసింది. ఐదో రోజు పొద్దున గంగాభవాని గంజి పట్టుకెళ్ళేసరికి పోయి ఉంది.

ఆమెని కడగడానికి వచ్చినవాళ్ళు ఆమె దగ్గరే ఆ పని నేర్చుకున్నవాళ్ళు. మగవాళ్ళలో సింహాచలం ఒక్కడు వచ్చాడు, కర్ర పట్టుకుని. తవిటయ్య పాడె కట్టాడు. తాడు ముడి బిగించి, విప్పి, మళ్ళీ బిగించాడు. అప్పుడు సింహాచలం అసలు మాట అన్నాడు.

"నిప్పెవుడు పడతాడు?"

పిల్లలు లేని చిట్టెమ్మకి కొరివి పెట్టవలసింది మరిదే. అతనే నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. కాని బండి నడపడం తెలిసినవాడు కూడా ఇప్పుడు అతనొక్కడే.

"నేను బండి మీద ఉండాలి కదన్నా" అన్నాడు తవిటయ్య. "నువ్వట్టుకో."

"దింపుడు కల్లం దాకా పడతాను. అక్కడ ఇంజను కట్టేస్తావు కదా. ఆ తరవాత నీ సేతికిస్తాను. కొరివి నువ్వే ఎట్టాల."

బండి కదిలింది. సింహాచలం కుంటుతూ ముందు నడిచాడు. చక్రాలు అతని నడకకి సరిగ్గా నడిచాయి. దారి పొడుగునా ఆడవాళ్ళు ఇళ్ళలోంచి వచ్చి కలిశారు. రైలు గేటు దగ్గర పోలీసు జీపు ఒకటి ఆగి ఉంది. అందులోని జమేదారు లేచి నిలబడి చూశాడు. మగవాళ్ళెవరైనా ఉన్నారేమోనని చూశాడు కాబోలు. ఇద్దరు ముసలివాళ్ళు, వెనక ఆడవాళ్ళు. టోపీ తీసి కూర్చున్నాడు.

గ్యాంగు గుడిసె దగ్గర తవిటయ్య ఇంజను కట్టేశాడు. పాడెని ఆడవాళ్ళే కిందికి దించారు. తవిటయ్య వంగి, ఆమె చెవి దగ్గర నోరు పెట్టి పిలిచాడు. "వదినా." ఆగాడు. "వదినా." దూరంగా ఎక్కడో ఒక కాకి అరిచింది. మూడోసారి పిలిచి చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. సింహాచలం వచ్చి భుజం తట్టాక లేచాడు.

పాడె మళ్ళీ బండి మీదికి ఎక్కింది. ఆనవాయితీ ప్రకారం ఆడవాళ్ళు అక్కడ ఆగాలి.

"మీరింక ఎల్లండమ్మా" అన్నాడు సింహాచలం అలవాటుగా.

ఎవరూ కదల్లేదు.

"ఆడోల్లు ఇక్కడ దాటి రాకూడదు."

"అయితే నువ్వు తొయ్యి మావయ్యా" అంది గంగాభవాని. ఎగతాళిగా అనలేదు. సింహాచలం ఎత్తు వైపు చూశాడు, తన కర్ర వైపు చూశాడు. తరవాత నిప్పుకుండ తవిటయ్య చేతిలో పెట్టి పక్కకు జరిగాడు.

స్టీరింగు ఎవరో పట్టుకోవాలి. గంగాభవాని వెళ్ళి మెట్టు మీద నిలబడి, చెయ్యి లోపలికి పెట్టి పట్టుకుంది. "ఎటు తిప్పాలో ఒక్కసారి సెప్పు."

"తిప్పకు. సక్కగా ఉంచు. గోతులొస్తే ఎడమకి కాస్త" అన్నాడు తవిటయ్య. బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. దుంగ గొలుసు లాగి చూశాడు. కుడివైపు తాడు ముడి మీద బొటనవేలు నొక్కాడు.

"ఎల్లరా" అన్నాడు సింహాచలం. "ఇంక ఎనక్కి సూడకూడదు."

నిప్పు పట్టుకున్నవాడు వెనక్కి తిరగకూడదు. తవిటయ్య ముందుకు వచ్చి నిలబడ్డాడు. వెనక ఆడవాళ్ళ గాజులు మోగాయి, ఎవరో "ఊఁ" అన్నారు, చక్రం కింద గులకరాయి చిట్లింది. బండి కదిలిందని అతనికి అలా తెలిసింది. అడుగు వేశాడు.

మే ఎండకి ఎర్రమట్టి పొడిపొడిగా కాలుతోంది. కుండలో పిడక పొగ కళ్ళలోకి వస్తోంది. జీవితంలో ఎప్పుడూ, తను చేసిన పనిని చూడకుండా అతను ఇంత దూరం నడవలేదు. వేగను అయినా, ఇంకేదైనా, పక్కన నడుస్తూ చెవి పెట్టి, చెయ్యి పెట్టి చూసుకునేవాడు. ఇప్పుడు చెవులే ఉన్నాయి. దుంగ నేల మీద గీసుకుంటున్న చప్పుడు. చెక్క కిర్రుమనడం. ఆడవాళ్ళ ఊపిర్లు. సగం ఎత్తులో ఆ చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తరవాత గొలుసు బిగిసిన చప్పుడు, దుంగ మీద చక్రం ఆనిన చప్పుడు. తవిటయ్య మెడ నరాలు బిగుసుకున్నాయి. తల వెనక్కి తిప్పబోయాడు.

"మేం ఊపిరి తీసుకుంటన్నాం" అంది గంగాభవాని వెనక నుంచి. "ఏటీ అవనేదు. అక్క అలాగే ఉన్నాది. నువ్వు నిలబడు."

అతను నిలబడ్డాడు. ఎవరో నీళ్ళు తాగారు. ఎవరో చిట్టెమ్మ గురించి ఏదో తిట్టులాంటి మాట అని, ఆ వెంటనే ఏడ్చారు. మళ్ళీ గాజులు మోగాయి. అతను మళ్ళీ అడుగు వేశాడు. ఇంకో రెండు చోట్ల అలాగే ఆగారు. మూడోసారి ఆగినప్పుడు అతని మెడ బిగుసుకోలేదు.

పైకి చేరి, కుండ నేల మీద పెట్టాక తిరిగి చూశాడు. పాడె కట్టినట్టే ఉంది. చీర అంచు కూడా చెదరలేదు. ఆడవాళ్ళు బండి చుట్టూ ఒళ్ళంతా ఎర్రటి దుమ్ముతో నిలబడి ఉన్నారు. కొందరు చేతులు దించకుండా ఇంకా గొట్టం పట్టుకునే ఉన్నారు. అప్పుడు గమనించాడు. వాళ్ళెవరి భుజం మీదా గొట్టం ఒరుసుకున్న గుర్తు లేదు. మగవాళ్ళ ఎత్తుకి పెట్టిన గొట్టం వాళ్ళ భుజాలకి పైన ఉంది. ఆ ఎత్తంతా చేతులు పైకి చాచి అరచేతులతో తోసుకుంటూ వచ్చారు.

కొరివి పెట్టాడు. సాయంత్రం బండిని పల్లానికి అతనే నెమ్మదిగా దించుకొచ్చాడు.

నెలాఖరుకి సమ్మె ఆగిపోయింది. కొందరు మగవాళ్ళు డ్యూటీకి వెళ్ళారు, కొందరిని తీసుకోలేదు. ఆమోసు ఇల్లు చేరి, సంగతి విని మలంచా వచ్చాడు. తవిటయ్య పెరట్లో రంపంతో గొట్టం కోస్తున్నాడు.

"దేనికి మావా?"

"కిందన ఇంకోటెట్టాల. రెండు పక్కలా."

గంగాభవానిని పిలిచాడు. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి స్తంభం పక్కన నిలబడింది. తవిటయ్య సుద్దముక్కతో ఆమె భుజం దగ్గర గీత గీశాడు.

"ఇంకాస్త కిందికి" అంది ఆమె. "తోసినప్పుడు ఒంగుతాం కదా."

అతను గీత చెరిపి, ఆమె వంగాక మళ్ళీ గీశాడు.